ఇరవయ్యొక్క అడుగుల పవిత్రత

చచ్చిపోయినవాళ్లకు కూడా నోటీసులు వస్తాయని పోయిన ఏడాది దాకా మా రేగడిపాలెం పల్లెలో ఎవరికీ తెలియదు. బతికున్నవాళ్లకు వచ్చేవి మాకు అలవాటే. రోడ్డు వెడల్పు చేస్తామనీ, కరెంటు తీగ కింద ఇల్లు కట్టారనీ, మరుగుదొడ్డి ఫోటో పంపలేదనీ వస్తూనే ఉంటాయి. సమాధుల దొడ్డిలో పడుకున్నవాళ్ల జోలికి మాత్రం అంతవరకూ ఏ ఆఫీసూ రాలేదు. ఆ ఒక్క సుఖం చూసుకునే మా ముసలివాళ్లు కొందరు చావుకు పెద్దగా భయపడేవాళ్లు కాదు.

ఫిబ్రవరి నెలలో ఒక పొద్దున దీనమ్మ పెద్దమ్మ మా ఇంటికొచ్చి, కొంగు ముడిలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఏటా ఈస్టరుకు ముందు దొడ్డిలో సమాధులన్నిటికీ సున్నం కొట్టేది ఆమే. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు.

"మీ పెదనాయన తల కాడ అంటించిపోయినారు జెర్మయ్యా. ఏందో చూడు," అంది.

పెదనాయన అంటే ఆమె భర్త యాకోబు. పోయి పదేళ్లయింది. నేను చదివాను.

"కీర్తిశేషులు యాకోబు గారికి తెలియజేయునది ఏమనగా, తమరు ప్రస్తుతము విశ్రమించుచున్న స్థలము పూజ్యులైన హాలోవే దొరగారి సమాధికి నాలుగు అడుగుల రెండు అంగుళముల దూరములో ఉన్నట్లు కొలతలలో తేలినది. శ్వేత సువార్త మహాసభ వారి పవిత్ర పరిధి నిబంధన ప్రకారము, శ్వేతజాతి పుణ్యపురుషుని సమాధికి ఇరవయ్యొక్క అడుగుల లోపల ఇతర వర్ణముల వారి అస్థికలు ఉండరాదు. కావున ఈ నోటీసు అందిన ముప్పది దినములలోగా తమరు స్వచ్ఛందముగా స్థలము ఖాళీ చేయవలెను. అభ్యంతరములు ఉన్నచో స్వయముగా హాజరై తెలుపుకొనవలెను."

కింద సంఘపు ఆస్తుల పరిరక్షణ కమిటీ కార్యదర్శి ప్రభుదాసు గారి సంతకం, గుండ్రటి ముద్ర.

"స్వయంగా రావాలంట పెద్దమ్మా."

"బతికున్నప్పుడే ఆయన్ని ఏ ఆఫీసుకీ పంపలేకపోయినా. ఇప్పుడు యాడ పంపేది," అని అరుగు మీద కూలబడింది. కాసేపటికి, "ఆయన పక్కన నా చోటుంది గదా. నాలుగు మూలలా ఇటికలు పాతుకున్నా. దాని సంగతేమన్నా రాశారా?" అని అడిగింది.

రాయలేదు. బతికున్నవాళ్ల గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు.

ఇక్కడ హాలోవే దొర గురించి రెండు మాటలు చెప్పాలి. మా పల్లెలో ఆయన్ని హాలయ్య దొర అంటారు. నూట ముప్పై ఏళ్ల కిందట కలరా రోజుల్లో వచ్చి, ఇక్కడే ఉండిపోయాడట. పల్లెలో కూర్చుని జొన్నసంకటి తినేవాడు, జనం పళ్లు పీకేవాడు. సంకటి తిన్నందుకు పట్నంలో తక్కిన దొరలు ఆయన్ని తమ బల్ల దగ్గరికి రానివ్వడం మానేశారు. పట్నంలో తెల్లవాళ్లకు ఇనుపగేటుతో వేరే సమాధుల తోట ఉండేది. చనిపోయే ముందు ఆయన, నన్ను ఆ గేటు లోపలికి తీసుకుపోవద్దు, ఎవరితో తిన్నానో వాళ్ల మధ్యనే పెట్టండి అని తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ మా గుడి బీరువాలో ఉంది. చెదలు తిన్నంత తిని మిగతాది వదిలేశాయి. దొడ్డి మూల తుమ్మచెట్టు కింద ఆయన్ని పెట్టారు. మీద నిలువెత్తు రాయి పాతారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇరవయ్యేడేళ్ల కిందట వాగు పొంగి దొడ్డిలోకి వచ్చినప్పుడు ఆ రాయి నలభై అడుగులు దొర్లుకుంటూ పోయి బురదలో కూరుకుంది. నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. నీళ్లు తీశాక పన్నెండు మందిమి మోకులేసి లాగాం. రేగడి బురద, పాదం ఊడి రావడమే కష్టం, రాయి ఏమొస్తుంది. లేపడానికి లేచింది గానీ జరగడానికి జరగలేదు. ఎక్కడ ఆగిందో అక్కడే నిలబెట్టేశాం. అది నిలబడింది సుందరమ్మ తలవైపు. సుందరమ్మ అంటే దీనమ్మ పెద్దమ్మకు అత్తగారు, అంతకుముందు ఏడే పోయింది. దొర ఎక్కడున్నాడో దొరకు తెలుసులే అని పెద్దవాళ్లు సర్దిచెప్పుకున్నారు. "మా అత్త బతికినన్నాళ్లూ దొరసాని మాదిరే బతికింది. రాయి తగినోళ్ల కాడికే పోయింది," అని దీనమ్మ పెద్దమ్మ అప్పుడే అన్నది.

తర్వాత యాకోబు పెదనాయన పోతే తల్లి పక్కనే పెట్టారు. అందుచేత తుమ్మచెట్టు కింద రాయి లేని దొర, దొర రాయి కింద సుందరమ్మ, ఆమె పక్కన కొడుకు. ఇది పల్లెలో పసిపిల్లలకు కూడా తెలుసు. కాగితంలో మాత్రం లేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ప్రభుదాసు గారు గుడి వరండాలో మీటింగు పెట్టారు. ముప్పై నాలుగు సమాధులకు నోటీసులు వచ్చాయి కాబట్టి ముప్పై నాలుగు కుటుంబాలూ వచ్చాయి. ఆయనది పట్నం. ఎండాకాలంలో కూడా కోటు వేసుకుంటాడు. మాట్లాడితే కరపత్రం చదివినట్టుంటుంది.

"ప్రియ సంఘస్థులారా, ఈ అంశమును భావోద్వేగ కోణములో కాక విధానపరమైన కోణములో దర్శించవలెను," అని మొదలుపెట్టారు.

విధానం ఏమిటంటే, సముద్రాల అవతల ఒక దేశంలో శ్వేత సువార్త మహాసభ అని వెలిసింది. దేవుడు ముందు తెల్లజాతిని చేశాడనీ, పని అయిపోయాక చేతికంటిన మట్టి దులిపితే తక్కినవాళ్లు పుట్టారనీ వాళ్ల మొదటి సిద్ధాంతం. ఏ జాతి వాళ్లు ఆ జాతి నేల మీదే ఉండాలనేది రెండోది. పరలోకంలో కూడా గదులు వేరువేరుగా ఉంటాయనేది మూడోది. ఆ మహాసభకు ఒక పుణ్యపురుషుడు కావలసి వచ్చాడు. పాత పత్రిక ఒకటి తిరగేస్తుంటే తెల్లబట్టల్లో హాలోవే దొర ఫోటో కనిపించింది. ఆయన పుట్టిన ఊరూ వాళ్ల ఊరూ ఒకటే.

"మరి ఏసయ్య పుట్టిన ఊరు ఏ దేశంలోదండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఆ ఊరి భౌగోళిక స్థితిని సవరించు విషయము మహాసభ వారి ఉపసంఘము పరిశీలనలో ఉన్నది," అన్నారు ప్రభుదాసు గారు. ఆయన గొంతులో నవ్వు లేదు.

దీనమ్మ పెద్దమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఆ రాయి కింద దొర లేడు. మా అత్త ఉంది."

"రికార్డులో ఎవరున్నారు?"

"రికార్డు నాకు తెలవదయ్యా. కింద మా అత్త ఉంది."

"సోదరీ, సమాధిలో ఎవరున్నారో సమాధి మీద వ్రాసి ఉంటుంది. అందుకొరకే వ్రాస్తారు."

ఆ రాయి లాగినవాళ్లలో నేనూ ఒకణ్నని చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. "జెర్మియా గారూ, వచ్చే ప్రతినిధి గారికి తమరిని దుబాసీగా కమిటీ నియమించినది. దుబాసీకి స్వీయానుభవములు ఉండరాదు."

ఆయనకు ఇందులో ఇంత పట్టుదల ఎందుకో తర్వాత తెలిసింది. మహాసభవాళ్లు పెట్టబోయే పెద్ద వేడుకకు ఆయన విమానమెక్కి వెళ్లాలి. కొత్త సూటు కుట్టించుకోవడం అప్పటికే అయిపోయింది.

పది రోజులకు ప్రతినిధి దిగాడు. పేరు వేడ్‌మన్. తెల్లగా వస్తాడని ఎదురుచూసిన మా పిల్లకాయలు, ఉడికించిన రొయ్య రంగులో ఉన్న మనిషిని చూసి బాగా నిరాశపడ్డారు. మంచివాడే. అందరికీ నమస్కారం పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ జేబులోంచి సీసా తీసి చేతులు తుడుచుకున్నాడు.

ఆయన దగ్గర ఒక అట్ట ఉంది. రంగుల కొట్లో గోడలకు ఏ రంగు కావాలో చూపించే అట్టలాంటిదే. ఒకటి నుంచి ముప్పై దాకా గళ్లు. ఆరో గడి దాకా పరలోకంలో ముందు గుమ్మం. ఆ తర్వాత వాళ్లకు వేరే దారి. రోజూ పొద్దున్నే ఆయన తన మణికట్టు పక్కన ఆ అట్ట పెట్టి చూసుకునేవాడు. వచ్చిన రోజు మూడో గడిలో ఉన్నాడు. మా ఎండలో నాలుగు రోజులు తిరిగాక తొమ్మిదిలోకి వచ్చాడు. "తాత్కాలికం" అని పుస్తకంలో రాసుకుని గొడుగు కొనుక్కున్నాడు.

అసలు ఊరి నుంచి మోతుబరి పిచ్చయ్య గారు కూడా వచ్చారు. పల్లెకూ ఊరికీ మధ్య ఒక బోదె ఉంది. పిచ్చయ్య గారు బోదె దాటి ఇటు రావడం ఎన్నికలప్పుడే. ఈసారి ఎన్నికలు లేకుండానే వచ్చి, వేడ్‌మన్‌ను వెంటబెట్టుకుని వాళ్ల శ్మశానం చూపించారు. నేను వెనకే ఉన్నాను.

"ఇది మాది. అదిగో, బోదె అవతల దొడ్డి వాళ్లది. మా వాళ్లలోనూ కొందరు మతం మార్చుకుని ఏసుని కొలుస్తారనుకోండి, వాళ్లకు మళ్లీ వేరే గట్టు ఉంది. కలవరు," అని వివరించారు.

నేను అనువాదం చేశాను. వేడ్‌మన్ గొడుగు మూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మేము నూరేళ్లుగా దీనికోసమే పోరాడుతున్నాం. మీరు ఒక బోర్డు కూడా పెట్టకుండా సాధించారు," అన్నాడు.

"బోర్డు ఎందుకండీ. అందరికీ తెలుసుగా," అన్నారు పిచ్చయ్య గారు సిగ్గుపడుతూ. ఆ ఊపులో, "మేమూ ఆ మూలం నుంచి వచ్చినవాళ్లమేనండీ. ఎప్పుడో మంచుకొండలు దాటి వచ్చాం. మీ మహాసభలో మాలాంటి వాళ్లకు సభ్యత్వం ఉంటుందేమో అడుగు జెర్మియా," అన్నారు.

వేడ్‌మన్ అట్ట తీసి ఆయన ముంజేతి పక్కన పెట్టాడు. కౌలుదారులు సరిగ్గా చేస్తున్నారో లేదోనని గట్లమీద నిలబడి అరవైయేళ్లు ఎండకు కాగిన చెయ్యి అది. ఇరవై మూడు. అప్పుడే దీనమ్మ పెద్దమ్మ సున్నపు బకెట్టు తీసుకుని బోదె మీద పోతోంది. ఆమె చెయ్యి కూడా చూశాడు. ఇరవై మూడు.

పిచ్చయ్య గారు రెండు చేతులనూ మార్చి మార్చి చూశారు. "అట్ట ప్రింటింగులో తేడా ఉంది," అని పంచె సర్దుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన ఈ వ్యవహారంలో కనిపించలేదు.

మర్నాడు దొడ్డిలో కొలతలు. రాయి దగ్గర మేకు కొట్టి, ఇరవయ్యొక్క అడుగుల తాడు కట్టి, వేడ్‌మన్ చుట్టూ ముగ్గుతో గీత గీశాడు. గీత లోపల ముప్పై నాలుగు దిబ్బలు. తుమ్మచెట్టు గీతకు చాలా దూరంలో, తన మానాన తాను నీడ పరుచుకుని ఉంది. దీనమ్మ పెద్దమ్మ యాకోబు దిబ్బ మీద కూర్చుని లేవలేదు.

"ఏమంటన్నాడు జెర్మయ్యా?"

"ఏ జాతివాళ్లు ఆ జాతి నేల మీదే ఉండాలంటున్నాడు పెద్దమ్మా. అదే దేవుడి చట్టమంట."

ఆమె కాస్త ఆలోచించింది. "మంచిది. ఈ నేల ఎవరిది?"

"మనది."

"అయితే వాళ్ల దొర మన నేలలో ఎందుకున్నాడో అడుగు. ముప్పై నాలుగు మందిమి లేచి యాడికి పోతాం. ఆయనొక్కడే గదా, ఆయన్ని తీసుకపొమ్మను వాళ్ల దేశానికి. చట్టం వాళ్లదే."

ఉన్నదున్నట్టు అనువదించాను. మహాసభ పుట్టినప్పటి నుంచి వాళ్ల సిద్ధాంతాన్ని ఇంత చక్కగా అర్థం చేసుకున్న మనిషి ఈమేనట. ఆ మాట వేడ్‌మన్ నాతోనే అన్నాడు. ఆ సాయంత్రమే అవతలికి ఫోన్లు వెళ్లాయి. పొద్దుటికల్లా ప్రభుదాసు గారు దానికి 'పూజ్య అస్థికల స్వజాతి భూ పునరాగమన మహోత్సవము' అని పేరు కూడా పెట్టేశారు.

నేను బీరువాలోని దొర రాత తెచ్చి చూపించాను. పల్లెవాళ్ల మధ్యనే ఉంచమని ఉన్న వాక్యం చదివి వినిపించాను.

"జ్వరంలో రాసి ఉంటాడు," అన్నాడు వేడ్‌మన్.

"ఆస్తుల కమిటీ తీర్మానము లేని విల్లు చెల్లదు," అన్నారు ప్రభుదాసు గారు.

"జెర్మయ్యా, ఇంకోసారి చెప్పు," అంది దీనమ్మ పెద్దమ్మ. "తీసుకపోయేది మా అత్తని అని చెప్పు. తర్వాత నా మీదకొస్తే నేనూరుకోను. నేను దాచలా."

చెప్పాను. ఈ ముసలామె, ఇందులో ఉన్నది మా అత్తగారు అంటోంది అని స్పష్టంగా చెప్పాను. వేడ్‌మన్ కదిలిపోయి పుస్తకంలో రాసుకున్నాడు. నేను తొంగిచూస్తే, "స్థానికులు ఆయనను తమ ఇంటి పెద్దగా భావిస్తున్నారు" అని ఉంది.

"నేను చెప్పాను పెద్దమ్మా."

"అయితే సరే. ఎముకలు పోయినాక గీత చెరిపేస్తామని, నోటీసులు వెనక్కి తీసుకుంటామని రాయించు. ముద్ర కూడా ఎయ్యమను. వాళ్లు మనిషి మాట వినరు, కాగితం మాటే వింటారు."

రాయించాను. ముద్ర పడింది.

ఇక మిగిలింది జాతి ధ్రువపత్రం. రక్త పరీక్షలు, ఎముకల పరీక్షలు మహాసభలో నిషిద్ధం. ఒకప్పుడు ఉండేవట. సభ్యులకు ఆదర్శంగా ఉంటుందని అధ్యక్షుడు ముందు తన రక్తమే పంపించుకున్నాడు. ఫలితం వచ్చిన రోజే, విశ్వాసాన్ని పరీక్షించడం పాపమని తీర్మానం చేశారు. అందుకని చనిపోయిన చోటి ప్రభుత్వం ఇచ్చే కాగితమే వాళ్లకు ప్రమాణం.

తహసీల్దారు గారు చాలా ఉత్సాహంగా ఒప్పుకున్నారు. "మనిషి ఏ జాతివాడో తేల్చే అధికారం ఈ మండలంలో నాకు తప్ప ఎవరికీ లేదు. కలెక్టరు గారు కూడా నన్నే అడగాలి," అన్నారు. వేడ్‌మన్ మళ్లీ టోపీ తీశాడు. ఇలాంటి ఆఫీసు ఒకటి ప్రతి మండలంలోనూ ఉంటుందని విని, తమ దేశం ఎంత వెనకబడి ఉందో అని విచారించాడు.

దరఖాస్తుకు దొర రేషన్ కార్డు, బడి సర్టిఫికెట్టు, తండ్రి కులపత్రం కావాలన్నారు. ఏవీ లేవు. అయితే ఇరుగుపొరుగు ఇద్దరు సాక్ష్యం చెప్పాలన్నారు. దొరకు ఇరుగుపొరుగు అంటే దొడ్డిలోవాళ్లే. వాళ్ల తరఫున దీనమ్మ పెద్దమ్మనూ నన్నూ పిలిచారు. గ్రామ రెవెన్యూ అధికారి పెన్ను తీశాడు.

"ఈయన నీకు తెలుసా అవ్వా?"

"ఎరుగుదు. మా అమ్మమ్మ పన్ను పీకిన దొర."

"ఎక్కడ ఉంటున్నాడు?"

"తుమ్మచెట్టు కింద."

"రాయి ఇంకో చోట ఉందిగా?"

"రాయి అక్కడుంది. ఆయన ఇక్కడున్నాడు."

అతను గడి నింపాడు. శాశ్వత చిరునామా, రాయి దగ్గర. తాత్కాలిక చిరునామా, తుమ్మచెట్టు. ఒకాయన రెండు చిరునామాల్లో ఉండటం రెవెన్యూ శాఖకు కొత్తేమీ కాదు.

అప్పుడు కంప్యూటరు మొరాయించింది. మతం అన్నచోట క్రైస్తవం, ఊరు అన్నచోట రేగడిపాలెం పల్లె అని కొట్టగానే, పల్లెల్లోంచి ఆ మతంలోకి వెళ్లినవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే గుంపు తనంతట తనే వచ్చి కూర్చుంది. బి.సి.-సి. చెరిపితే చెరగలేదు. శ్వేతజాతి అని కొట్టడానికి గడి లేదు. "సాఫ్ట్‌వేర్‌లో లేని జాతి లేనట్టే లెక్క. అయినా ఇన్నేళ్లు ఇక్కడే ఉన్నాడు కదా, సరిపోతుంది," అని తహసీల్దారు గారు సంతకం చేశారు.

మూడు సింహాల ముద్ర చూసి వేడ్‌మన్ మురిసిపోయాడు. బి.సి.-సి అన్న అక్షరాలకు అర్థం ఏమిటని నన్ను అడిగాడు. "మా ప్రభుత్వం లోతుగా విచారించి ఆయనకిచ్చిన స్థానం," అని అనువదించాను. అందులో అబద్ధమేమీ లేదు.

మార్చి మధ్యలో తవ్వకం పెట్టుకున్నారు. పవిత్ర అస్థికలను తెల్లచేతులే తాకాలన్నది నిబంధన. అంచేత వేడ్‌మన్ ఒక్కడే పలుగు పట్టాడు. ఎండిన రేగడి రాయికన్నా గట్టిది. మూడు గంటలు తవ్వి జానెడు లోతుకు పోయి, అక్కడే కూర్చుని మంచినీళ్లు అడిగాడు. ప్రభుదాసు గారు సముద్రాల అవతలికి ఫోన్ చేశారు. అరగంటలో సవరణ వచ్చింది. తెల్లటి గ్లౌజు తొడిగిన చేతిని, తొడిగి ఉన్నంతసేపూ, తెల్లచేతిగా పరిగణించవచ్చును.

నలుగురు మా కుర్రాళ్లకు గ్లౌజులిచ్చారు. "ఇంత సులువని తెలిస్తే మా తాతలు కూడా తొడుక్కునేవాళ్లు గదా," అన్నాడు ఒకడు. ఇంకొకడు గ్లౌజు తీసి ముక్కు గోక్కుని, గబుక్కున మళ్లీ తొడుక్కున్నాడు. మధ్యాహ్నానికి పని అయిపోయింది.

ఎముకలు చిన్నవి. దొర ఆరడుగుల మనిషని పత్రికలో రాసి ఉంది. వేడ్‌మన్ కొలిచి చూసి, ఈ ఉష్ణదేశపు మట్టి మనుషుల్ని కుంగదీస్తుందని రాసుకున్నాడు. అప్పుడు చేతివైపు మట్టిలోంచి ఒక ఇనుప వస్తువు బయటపడింది. తుప్పు పట్టి ఉన్నా పోలిక తెలుస్తోంది. రెండు పిడులు, మధ్యలో సీల, పైన కత్తి అంచు.

దీనమ్మ పెద్దమ్మ ముందుకు వంగింది. "మా అత్త అడకత్తెర. చేతిలో పట్టుకునే పోయింది. విడిపించలేక అట్టానే పెట్టేశాం."

నేను అనువదించే లోపలే వేడ్‌మన్ మోకాళ్ల మీద కూలిపోయాడు. దొర పళ్లు పీకేవాడని పత్రికలో చదివాడుగా. ఆ పనిముట్టు ఇదే. వేల మంది నల్లవాళ్ల నొప్పి తీసిన తెల్ల చేతిలోని పనిముట్టు. నేను మూడుసార్లు చెప్పాను, వక్కలు కత్తిరించేదని. "దుబాసీ గారూ, పరికరము పవిత్ర వస్తువుగా నమోదైనది," అన్నారు ప్రభుదాసు గారు.

దీనమ్మ పెద్దమ్మ చెయ్యి చాపింది, ఒక్కసారి ముట్టుకుని చూద్దామని. గ్లౌజు లేదని ఆపేశారు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని నా వైపు చూసింది.

"మా అత్త అప్పుడూ ముట్టనియ్యలా. ఇప్పుడూ ముట్టనియ్యలా," అంది.

ఆ పెట్టె వెళ్లే రోజున బ్యాండు మేళం పెట్టారు. ప్రభుదాసు గారు సూటులో దిగారు. మెడలో దండ, చేతిలో పాస్‌పోర్టు. కారెక్కబోతుంటే ఆయన ఫోన్‌కు మహాసభ వారి లేఖ వచ్చింది. నన్నే చదవమన్నారు. పెట్టెను విమానాశ్రయంలో అప్పగించి రసీదు తీసుకోగలరు, వేడుకలోకి ఆరో గడి దాటినవారికి ప్రవేశం లేదు, మీ సేవలకు కృతజ్ఞతగా వీడియో లింకు పంపబడును, అని ఉంది.

ఆయన నంబరు ఇరవై నాలుగు. దండ తీసి కారు అద్దానికి తగిలించారు.

"విధానపరమైన కోణములో చూసినచో..." అని మొదలుపెట్టారు గానీ, ఆ కోణం ఆయనకు ఆ పూట కనిపించలేదు.

వారం తిరిగే లోపల ముప్పై నాలుగు సమాధుల మీదా కొత్త కాగితాలు అంటించారు. "కీర్తిశేషులకు, తమరు యథాస్థానములో కొనసాగవచ్చును." ముగ్గు గీత గాలికి చెదిరిపోయింది. రాయి అవసరం లేదని మహాసభ వారు రాస్తే, చెరువు పనికి వచ్చిన జేసీబీ వాణ్ని బతిమాలి దాన్ని తుమ్మచెట్టు కిందికి చేర్చాం. ఇరవయ్యేడేళ్లకు రాయి దొర దగ్గరికి వచ్చింది.

ఈస్టరు తెల్లవారుజామున దొడ్డికి వెళ్లేసరికి దీనమ్మ పెద్దమ్మ అప్పటికే సున్నం కలిపి, నీలిమందు వేసి తిప్పుతోంది. ముందు దొరకు కొట్టింది. తర్వాత యాకోబు దగ్గరికి వచ్చింది. అత్తగారి చోటు పూడ్చి చదును చేశారు. అటుపక్క ఖాళీ, ఇటుపక్క నాలుగు ఇటుకలు.

"ఒకటే గది ఇల్లు మాది. ముప్పై ఏళ్లు మా ఇద్దరి మధ్యనే మంచం ఏసుకుని పడుకుంది," అంది కుంచె ముంచుతూ. "పోయినాక కూడా కొడుకు పక్కనే ఉంది. ఇప్పుడు ఆయనకు కాస్త గాలాడుతది."

ప్రభుదాసు గారు తనకొచ్చిన లింకు నాకు పంపారు, తాను చూడలేక. తెరిచి ఆమెకు చూపించాను. పెద్ద పాలరాతి మందిరం. తెల్లని నిలువుటంగీలు వేసుకున్న జనం వరసలో మోకాళ్ల మీద ఉన్నారు. మధ్యలో గాజుపెట్టె, దాని పైన అడకత్తెర, పక్కన పటం కట్టించిన మా తహసీల్దారు గారి బి.సి.-సి కాగితం. పంటినొప్పి ఉన్నవాళ్లు గాజుకు దవడ ఆనించి పోతున్నారు. ఒక ముసలి దొరసాని కళ్లు తుడుచుకుంటోంది.

దీనమ్మ పెద్దమ్మ సున్నం చెయ్యి చీరకు తుడుచుకుని ఫోన్ పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"అందరూ మోకాళ్ల మీదున్నారే."

"అవును పెద్దమ్మా."

"బాగుంది. ఆమెకదే ఇష్టం." ఫోన్ నా చేతికిచ్చి, కుంచె తీసుకుని, మళ్లీ ఆగింది. "జెర్మయ్యా, ఆ దేశంలో వక్కలు దొరుకుతాయా?"

"దొరకవనుకుంటా."

ఆమె ముఖంలో నిజంగానే జాలి కనిపించింది.

"వక్క లేకపోతే మా అత్త నోరు ఆగదు. పాపం, ఆ దొరలు ఎట్టా ఏగుతారో ఏమో," అని యాకోబు దిబ్బకు సున్నం కొట్టడం మొదలుపెట్టింది.